ఊరుకో అనే మాట



ఏటా ఈ సాయంత్రం మనం తలుచుకునే పెద్దయ్యగారు పాస్టరు కాదు, పండితుడూ కాదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ప్రెస్సులో నిలబడి సీసం అక్షరాలు పేర్చిన కంపోజిటరు. ఆయన పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఈసారి ట్రస్టు వారు ఇచ్చిన విషయం "అనుకోని కష్టంలో దేవుని మీద నమ్మకం". సరేనన్నాక భయం పట్టుకుంది. దీని మీద మాట్లాడటం చాలా తేలిక. నా భయం కూడా అందుకే. గడచిన ఏడాదిలో ఇంటి మనిషిని పోగొట్టుకుని ఈ హాల్లో కూర్చున్నవాళ్ళు నాకు తెలిసే ముగ్గురున్నారు. వాళ్ళ ముఖం చూసి చెప్పలేని మాట ఏదీ ఇవాళ చెప్పకూడదని అనుకుని వచ్చాను. అందుకే సిద్ధాంతం జోలికి పోకుండా, పెద్దయ్యగారికి నచ్చేలా, ఒక అచ్చాఫీసు కథ చెబుతాను. అందులో మన తెలుగు కూడా కాలిపోయింది.

1812 మార్చి 11, బుధవారం సాయంత్రం. కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది ఒడ్డున ఉన్న శ్రీరాంపురంలో బాప్టిస్టు మిషనరీల ముద్రణాలయం. సుమారు 200 అడుగుల పొడవైన కట్టడం. ఆ ముద్రణాలయం నడిపే మిషనరీ విలియం వార్డ్ తన గదిలో లెక్కలు చూసుకుంటున్నాడు. పొగ వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే కాగితం బేళ్ళు పేర్చిన చోట మంట. గాలి ఆడకపోతే అదే ఆరిపోతుందని తలుపులు, కిటికీలు మూయించి, కప్పుకు కన్నం పెట్టి నీళ్ళు పోయించారు. కొంతసేపు మంట అణిగినట్టే కనబడింది. ఇంతలో ఎవరో సాయం చేద్దామని కిటికీ తెరిచారు. గాలి తగిలింది. అర్ధరాత్రికల్లా కప్పు కూలిపోయింది. ప్రాణనష్టం లేదు. మరోవైపు ఉన్న అచ్చుయంత్రాలు దక్కాయి. మిగతాదంతా బూడిద.

ఆ బూడిదలో ఏముందో చెప్పాలి. 14 తూర్పు భాషల అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. ఇంగ్లండు నుంచి తెప్పించిన 1,200 రీముల కాగితం పోయింది. ఆ మిషనరీల్లో ఒకడైన విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం మొత్తం, పంజాబీ వ్యాకరణంలో చాలా భాగం, కన్నడ కొత్త నిబంధన, దాదాపు ప్రతి భారతీయ భాషలోనూ చేసిన బైబిలు అనువాదాల్లో కొన్ని భాగాలు, తోటి మిషనరీ మార్ష్‌మన్‌తో కలిసి రామాయణం మీద చేసిన ఏడాది పని. వీటన్నిటికీ మించి, సంస్కృతానికీ దాని బంధు భాషలకూ కలిపి ఆయన ఏళ్ళ తరబడి కూరుస్తున్న బహుభాషా నిఘంటువు. నష్టాన్ని రూపాయల్లో 70,000 అని లెక్కగట్టారు. నిఘంటువుకు వెల కట్టేవాడెవడు?

కేరీ ఆ రాత్రి అక్కడ లేడు. ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పేందుకు కలకత్తా వెళ్ళాడు. మర్నాడు పొద్దున మార్ష్‌మన్ వెళ్ళి ఆయనకు సంగతి చెప్పాడు. ఆ సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చి ఇంకా పొగలు కక్కుతున్న దిబ్బల మధ్య నడిచారు. కేరీ కళ్ళలో నీళ్ళు నిండాయి. ఏళ్ళ శ్రమ ఒక్క సాయంత్రంలో పోయిందన్న అర్థం వచ్చే మాట అన్నాడు. తన గురించి గొప్పగా అనుకున్నందుకు దేవుడు తనను వంచాడని కూడా అన్నాడు. ఆ రెండో మాట తన గురించి తాను అనుకున్నదని గుర్తుపెట్టుకోండి. దానితో మనకు పనుంది.

తర్వాతి ఆదివారం ఆయన ప్రసంగానికి ఎంచుకున్నది 46వ కీర్తనలోని 10వ వచనం. మన తెలుగు బైబిలులో "ఊరకుండుడి" అని మొదలయ్యే వచనం అది. ప్రసంగంలో రెండే అంశాలు. మనల్ని తన ఇష్టం వచ్చినట్టు వాడుకునే హక్కు దేవునికి ఉంది. ఒప్పుకుని తలవంచటం మన వంతు. ఇప్పుడు చదివితే కరకుగా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అయితే చెప్పినవాడు బూడిద మీద నిలబడి చెప్పాడు. పోయింది ఆయనదే.

ఈ "ఊరకుండుడి" అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. హీబ్రూలో అక్కడున్న క్రియకు పట్టు సడలించు, చేతులు జారవిడువు అనే అర్థాలున్నాయి. ఆ కీర్తన చదివితే పై వచనంలోనే విల్లు విరగటం, బల్లెం తెగటం ఉంటాయి. కాబట్టి అది ముందుగా కొట్లాడుకునే జనాలకు పడ్డ గద్దింపు. దాన్ని మనం దుఃఖితులకు చెప్పే ఓదార్పుగా వాడుకుంటున్నాం. తప్పనను. కానీ తెలుగులో ఆ మాటకు ఇంకో బతుకు ఉంది. చావు జరిగిన ఇంటికి ఎవరు వెళ్ళినా ముందు నోట వచ్చే మాట "ఊరుకో అమ్మా, ఊరుకో". అదే మాట పక్కింటి పిల్లాడు గొడవ చేస్తుంటే "ఊరుకుంటావా లేదా" అని కూడా అంటాం. ఒకే క్రియ. ఒకటి వీపు నిమురుతుంది, ఇంకోటి నోరు మూయిస్తుంది. మన సంఘాల్లో ఆదరణ కూడికలు చూసీ చూసీ నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, మనం మొదటిది అనుకుంటూ రెండోది చేస్తున్నాం.

నా సంగతే చెబుతాను. 2021 మేలో, కరోనా రోజుల్లో, నా తమ్ముడు పోయాడు. మంచం దొరకటానికి ఒక రోజు, ఆక్సిజన్‌కు ఇంకో రోజు. మూడో రోజుకు ఇంక వెతకాల్సిన పని లేకపోయింది. సమాధుల తోటకు నలుగురమే వెళ్ళాం. ఆ రాత్రి ఒక విశ్వాసి ఫోన్ చేశాడు. మంచివాడే. నా కోసం ఉపవాసం కూడా ఉన్నాడట. "అన్నా, ఇంకొంచెం పట్టుదలగా ప్రార్థించి ఉంటే..." అని మొదలుపెట్టాడు. నేను ఫోన్ పెట్టేశాను. మర్నాడు ఇంకొకరు రోమా పత్రిక 8:28 పంపారు, సమస్తమూ మేలుకే సమకూడుతుందన్న వచనం. దానికి పూల బొమ్మ ఒకటి. ఆ వచనం నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఆరోజు దాన్ని చూడలేకపోయాను. చాలా నెలల తర్వాత ఆ అధ్యాయం మొత్తం చదివితే అర్థమైంది. పౌలు అదే పేజీలో శ్రమ, హింస, కరువు, ఖడ్గం అని తన బతుకునే వరసగా చెప్పుకుంటున్నాడు. తాను మోస్తున్న బరువు కిందనుంచి ఆ మాట అన్నాడు. నాకు పంపిన ఆయన గట్టు మీద నిలబడి విసిరాడు.

ఇదే ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలిచిన మాట. "ఇది దేవుని చిత్తం" అని దెబ్బ తిన్నవాడు తన నోట అంటే అది ఆరాధన. అదే మాట పక్కవాడు అంటే ఎంత భక్తితో అన్నా దెబ్బ మీద దెబ్బ. కేరీ తన అహంకారానికి దండన అనుకున్నాడు. వేరే మిషన్ వాళ్ళెవరైనా వచ్చి "నీ గర్వమే నీ ప్రెస్సు కాల్చింది" అని ఉంటే?

యోబు స్నేహితుల పొరపాటు ఇదే. వాళ్ళను మనం తేలిగ్గా తిడతాం గానీ మొదట వాళ్ళు చేసింది చాలా గొప్ప పని. ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడ్డారు. వాళ్ళు చెప్పినవి వేదాంతపరంగా చాలావరకు సరైన మాటలే. ఈ ఆదివారం ప్రసంగంలో పెడితే ఆమెన్ అంటాం. అయినా పుస్తకం చివర దేవుడు వాళ్ళ మీద కోపపడ్డాడు. తన మీద అంత గట్టిగా అరిచిన యోబే యుక్తంగా మాట్లాడాడన్నాడు. విశ్వాసం అంటే అరవకపోవటం అని మనకు ఎవరు నేర్పారో గానీ బైబిలు నేర్పలేదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఆఖరున స్తోత్రం కూడా లేదు. దాన్ని తీసేయకుండా కీర్తనల గ్రంథంలోనే ఉంచారు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర ఏడ్చాడు.

యోబుకు అంతా రెట్టింపు వచ్చిందని చెప్పే ప్రసంగాలు వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. ఈసారి లెక్క చూడండి. 7,000 గొర్రెలు 14,000 అయ్యాయి. ఒంటెలు, ఎడ్లు, గాడిదలు అన్నీ రెండింతలు. పిల్లలు మాత్రం మొదట పదిమంది, తర్వాతా పదిమందే. పోయిన బిడ్డకు రెట్టింపు ఉండదని ఆ గ్రంథకర్తకు తెలుసు.

మళ్ళీ శ్రీరాంపురం వద్దాం. కేరీ కలకత్తా నుంచి వచ్చే లోపే వార్డ్ శిథిలాలు తవ్వించాడు. కింద ఉక్కు పంచులు, పోత పోసే మాత్రికలు చెడిపోకుండా దొరికాయి. అచ్చు పని తెలిసినవాళ్ళకు దీని విలువ చెప్పక్కర్లేదు. సీసం అక్షరం పోతే మళ్ళీ పోత పోసుకోవచ్చు. పంచు పోతే ఒక్కో అక్షరాన్నీ ఉక్కు మీద మళ్ళీ చెక్కాలి, దానికి ఏళ్ళు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే మన లిపికి ఎన్ని కావాలో పెద్దయ్యగారి కేసు గళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. కరిగిన లోహాన్నే ఏరుకొచ్చి రాత్రింబవళ్ళు వంతులు వేసుకుని పోత మొదలుపెట్టారు. అద్దెకిచ్చిన పెద్ద గోదాము ఒకటి అంతకు కొద్దిరోజుల ముందే ఖాళీ అయ్యింది. అందులోకి మారారు. కబురు ఇంగ్లండు చేరాక 50 రోజుల్లో నష్టానికి సరిపడా సొమ్ము పోగైంది. ఇక పంపొద్దని చెప్పాల్సి వచ్చిందట అక్కడ మిషన్ వ్యవహారాలు చూసే ఆండ్రూ ఫుల్లర్‌కు.

ఈ కథను మామూలుగా ఇక్కడితో ఆపేస్తారు. చూశారా, దేవుడు ఎలా తిరిగి ఇచ్చాడో అని. నేను ఆపను. ఆ పోతల గదిలో పనిచేసిన మనోహర్ అనే కమ్మరి గురించి ఒక మాట చెప్పాలి. అతని మామ పంచానన్ కర్మకార్ ఈ లిపుల పంచులు చెక్కటం మొదలుపెట్టినవాడు. మనోహర్ నలభై ఏళ్ళు అదే పని చేశాడు. ఎప్పుడూ క్రైస్తవుడు కాలేదు. తన ఇష్టదైవం పటం కింద కూర్చునే బైబిళ్ళకు అక్షరాలు చెక్కేవాడని చూసినవాళ్ళు రాశారు. కష్టం నుంచి దేవుడు లేవనెత్తాడని సాక్ష్యం చెప్పేటప్పుడు ఆ లేవనెత్తిన చేతులు ఎవరివో కూడా చెప్పటం న్యాయం. 2021లో మా తమ్ముడి పెట్టెకు భుజం పట్టిన నలుగురిలో ఇద్దరు మా సంఘం వాళ్ళు కాదు. ఒకతను మా వీధి చివర పాల బూతు నడిపే కుర్రాడు. సంఘానికి రావాలని అతన్ని నేను ఎన్నడూ పిలవలేదు. అతనూ రాలేదు. ఇప్పటికీ పాలు వేస్తున్నాడు.

ఇంకో సంగతి, ఇది కేరీ భక్తులకు నచ్చదు. అగ్ని ఆయనకు మొదటి దెబ్బ కాదు. 1793లో బెంగాలులో దిగాడు. మరుసటి ఏడాదే ముద్నాబాటిలో అయిదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాల జబ్బుతో పోయాడు. గొయ్యి తవ్వేందుకు మనుషులు దొరకటమే కష్టమైంది. భార్య డొరతికి ఆ తర్వాత మతి చలించింది, మళ్ళీ కోలుకోలేదు. 1807లో చనిపోయేదాకా పన్నెండేళ్ళ పైచిలుకు ఆ ఇంట్లో ఒక గదిలో ఆమె, పక్క గదిలో అనువాదాలు. ఆమె ఈ దేశం రావటానికి మొదట ఒప్పుకోలేదు. బతిమాలి ఎక్కించారు ఓడ. కేరీ విశ్వాసం గురించి వంద పుస్తకాలున్నాయి. ఆ విశ్వాసానికి ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో అడిగినవాళ్ళు తక్కువ. ఆయన్ను తక్కువ చేయటానికి ఇది చెప్పటం లేదు. మన ఇళ్ళల్లో "ప్రభువు పని" అంటూ తిరిగేవాళ్ళ వెనక వంటగదిలో ఎవరున్నారో చూడమని చెబుతున్నాను. నాన్నగారు సువార్త కూటాలకు వెళ్ళిన వారాల్లో మా అమ్మ ఎవరి దగ్గర బియ్యం బదులు తెచ్చేదో నాకు గుర్తుంది.

ఇక మన తెలుగు. శ్రీరాంపురం మంటకు ముందే తెలుగు బైబిలుకు రెండు సమాధులున్నాయి. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. భాష నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలు తెలుగు చేస్తున్నారు. క్రాన్ 1809లో శ్రీకాకుళంలో పోయాడు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. వచ్చి అయిదేళ్ళు. మత్తయి, మార్కు, లూకా మాత్రం చేయగలిగారు. అవి 1812లోనే శ్రీరాంపురంలో అచ్చయ్యాయి, ఆ నిప్పు పడ్డ ఏడాదే. నాలుగో సువార్త దాకా వాళ్ళ ఆయుష్షు సాగలేదు. క్రాన్ ఆఖరి రోజుల్లో ఏం ప్రార్థించి ఉంటాడో అని నాకు అనిపిస్తుంటుంది. ఆ ప్రార్థనకు జవాబు వచ్చిందా అని అడిగితే నేను అవునూ అనను, కాదూ అనను. విశాఖలోనే అదే సొసైటీకి చెందిన ప్రిచెట్ ఆ పని అందుకున్నాడు.

కేరీ తన తెలుగు వ్యాకరణాన్ని మళ్ళీ రాశాడు. ఒకసారి నడిచిన దారి కాబట్టి రెండోసారి కాలికి తెలుస్తుందని ఆయన ధైర్యం. 1814లో అచ్చయింది. 1818 ప్రాంతంలో తెలుగు కొత్త నిబంధన రెండు చోట్ల నుంచి విడివిడిగా వచ్చింది. ఒకటి కేరీది శ్రీరాంపురంలో, రెండోది ప్రిచెట్‌ది మద్రాసులో. మన చేతికి దిగివచ్చిన తెలుగు బైబిలు వంశం విశాఖ, మద్రాసుల దారిలో నడిచింది గానీ శ్రీరాంపురం దారిలో కాదు. ఎన్నో భాషలను ఒకేసారి మోసిన మనిషికి మన నుడికారం పట్టుబడలేదు. అంటే, బూడిదలోంచి లేచి మళ్ళీ చేసిన పని కూడా చివరకు మూలన పడింది. నమ్మి చేసిన పనల్లా ఫలిస్తుందనే సాక్ష్యాల పక్కన దీన్ని కూడా పెట్టుకోవాలి. ఆయన నమ్మకం వమ్మయిందా? పని ఫలించటం మీద నమ్మకం పెట్టుకున్నవాడికైతే వమ్మయినట్టే. ఆ ఆదివారం ఆయన తీసుకున్న వచనంలో ప్రెస్సు మళ్ళీ లేస్తుందన్న వాగ్దానం ఎక్కడా లేదు. దేవుడు దేవుడేనని తెలుసుకోమని మాత్రం ఉంది. నాకు ఆ వచనం కరకుతనం ఇప్పుడు అంతగా తోచటం లేదు. అది నా కష్టానికి కారణం చెప్పదు. బేరం పెట్టదు. నా తమ్ముడికి బదులు ఇంకేదో ఇస్తానని అనదు. అందుకే దాన్ని నమ్మగలుగుతున్నాను.

పెద్దయ్యగారి మాట చెప్పి ముగిస్తాను. ఆయన పనిలో చేరిన కొత్తలో, పండుగ ముందు రాత్రి, బిగించిన పాటల పుస్తకం ఫారం ఒకటి మోసుకెళ్తూ జారవిడిచారు. ఎనిమిది పేజీలు. అక్షరాలన్నీ నేల మీద కలిసిపోయాయి. పొద్దున్నే అచ్చు ఎక్కాలి. ఉద్యోగం పోయినట్టేనని మూలన కూర్చుని ఏడుస్తుంటే ఫోర్‌మన్ వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. లుంగీ ఎగగట్టి, దీపం కింద పెట్టి, పక్కన చతికిలబడి అక్షరాలు ఏరటం మొదలుపెట్టాడు. "ఊరుకో అని కూడా అనలేదయ్యా" అని పెద్దయ్యగారు చెప్పేవారు. తెల్లవారేసరికి అయిదు పేజీలే నిలబడ్డాయి. మూడు పేజీలు లేకుండానే పుస్తకం వచ్చింది. ఆ మూడు పేజీల పాటలు ఆ పండుగకు మా గుళ్ళో చూడకుండా పాడారట.

ముందు వరుసలోని మీ ముగ్గురికీ నేను ఇవ్వగలిగిన సమాధానం ఏదీ లేదు. మిగతావాళ్ళకు ఒక మనవి ఉంది. ఈ వారం వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. బైబిలు సంచిలోనే ఉంచి, వాళ్ళు అడిగితేనే తీయండి. వంటగదిలో గిన్నెలుంటే కడగండి. వాళ్ళు దేవుడి మీద కోపంగా ఏదైనా అంటే సర్దిచెప్పకండి, ఆయన వింటాడు.

కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపురంలో కన్నుమూశాడు. వ్యాకరణాలు తిరిగి రాశాడు, అనువాదాలు తిరిగి చేశాడు. ఆ బహుభాషా నిఘంటువు మాత్రం ఎన్నటికీ వెలువడలేదు.